కుష్ఠు పటంలో విశాఖ: మచ్చ ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ బయటపడుతుంది

2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా విడిపోయింది. నగరం, దాని చుట్టుపక్కల మండలాలు విశాఖపట్నం జిల్లాగా మిగిలాయి. మైదాన పల్లెల్లో ఎక్కువ భాగం అనకాపల్లి జిల్లాకు వెళ్లింది. పాడేరు, అరకు, చింతపల్లి, ముంచింగిపుట్టు సహా 11 ఏజెన్సీ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. పాలన కోసం గీసిన ఈ గీతలు ఆరోగ్య లెక్కలను కూడా మార్చేశాయి. అప్పటిదాకా ఒకే సగటు కింద ఉన్న తీర నగరం, కొండమీది గూడెం వేరువేరు పట్టికల్లోకి వెళ్లాయి.

కుష్ఠు విషయంలో ఈ సగటు చాలా నష్టం చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత జిల్లాలో దాదాపు 43 లక్షల మంది ఉన్నారు. అందులో ఏజెన్సీ మండలాల జనం సుమారు 6 లక్షలు. విస్తీర్ణంలో సగానికి పైగా కొండలే, జనంలో మాత్రం ఏడో వంతు. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. కొండల్లో ప్రతి 10,000 మందికి ఇద్దరు కుష్ఠు రోగులు ఉన్నారనీ, కింద మైదానంలో, నగరంలో కలిపి 20,000 మందికి ఒకరే ఉన్నారనీ అనుకుంటే, జిల్లా మొత్తం సగటు 10,000కు ఒకటి కంటే తక్కువే వస్తుంది. ఆ ఒకటి అనే అంకెకు చాలా బరువుంది. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించినట్టు ప్రకటించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత అదే. దేశం మొత్తం మీద భారత్ ఆ గీతను 2005 డిసెంబరులో దాటింది. ఇదే లెక్కన జిల్లా కూడా దాటుతుంది. కొండల్లో మాత్రం జబ్బు ఆ గీతకు రెట్టింపు స్థాయిలో ఉంటుంది, ఆ సంగతి ఏ కాగితం మీదా కనిపించదు.

పెద్ద జనాభా సగటులో చిన్న జనాభా కష్టం కరిగిపోవడం అన్ని జబ్బుల్లోనూ ఉన్నదే. కుష్ఠులో అది మరీ ఎక్కువ. ఎందుకంటే ఈ జబ్బు ఊరంతటినీ ఒకేసారి తాకదు. ఒక వీధిలో, ఒక వరుస ఇళ్లలో, ఒక కుటుంబంలో గూడు కట్టుకుంటుంది. పటాన్ని ఎంత దగ్గరగా చూస్తే అంత స్పష్టంగా దొరుకుతుంది.

సూక్ష్మజీవి అందరికీ ఒకటే

కుష్ఠుకు కారణమైన మైకోబాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవిని 1873లో నార్వేలోని బెర్గెన్ నగరంలో గెర్హార్డ్ ఆర్మౌర్ హాన్సెన్ కనిపెట్టాడు. చికిత్స తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా బతికినప్పుడు, ముక్కు నుంచీ నోటి నుంచీ వచ్చే తుంపర్ల ద్వారా ఇది ఎక్కువగా పాకుతుంది. చేయి కలిపితేనో, పక్కన కూర్చుంటేనో అంటుకునే జబ్బు కాదు. ఈ సూక్ష్మజీవి ఒంట్లోకి వెళ్లినా నూటికి తొంభై అయిదు మందికి జబ్బు రాదు. శరీరమే దాన్ని అణిచేస్తుంది.

మిగిలిన అయిదుగురు ఎవరన్నది కొంత వంశపారంపర్యంగా వచ్చే లక్షణాలను బట్టి ఉంటుంది. కానీ వాళ్లు ఎంతకాలం, ఎంతమందితో, ఎంత ఇరుకులో, ఎంత ఖాళీ కడుపుతో బతికారన్నది జీవశాస్త్రం తేల్చే సంగతి కాదు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో ఒకరికి జబ్బు ఉంటే, మిగతా అయిదుగురు ఏళ్ల తరబడి రాత్రిపూట అదే గాలి పీలుస్తారు. ఎవరి గది వాళ్లకు ఉన్న ఇంట్లో అంత దగ్గరితనం ఉండదు. సూక్ష్మజీవికి ధనిక పేద తేడా తెలియకపోవచ్చు, దానికి దొరికే అవకాశాల్లో మాత్రం ఆ తేడా నిండా ఉంది.

హాన్సెన్ సొంత దేశమే ఇందుకు పాత సాక్ష్యం. 19వ శతాబ్దంలో నార్వే పశ్చిమ తీరంలోని పేద రైతుల్లో, జాలర్లలో కుష్ఠు ఎక్కువగా ఉండేది. 1856లో ఆ దేశం రోగుల జాతీయ రిజిస్టర్ మొదలుపెట్టింది. అందులో కాలక్రమంలో 8,000 మందికి పైగా నమోదయ్యారు. ఆ తర్వాత జబ్బు తగ్గుతూ వచ్చి, గట్టిగా పనిచేసే మందు ఏదీ పుట్టకముందే దాదాపు కనుమరుగైంది. రోగులను వేరుగా ఉంచిన చట్టాల వల్లే తగ్గిందని హాన్సెన్ నమ్మాడు. తిండి, ఇల్లు, బతుకు మెరుగుపడటమే అసలు కారణమని తర్వాతి పరిశోధకుల్లో చాలామంది అన్నారు. ఈ రెండో వాదనకు బలమిచ్చే సంగతిని గమనించింది హాన్సెనే. 1880ల చివర్లో అతను అమెరికా వెళ్లి, అక్కడికి వలసపోయిన నార్వే కుష్ఠు రోగుల సంతానాన్ని పరీక్షించాడు. వాళ్లలో జబ్బు కనిపించలేదు. రక్తం అదే, కుటుంబాలు అవే, మారింది బతికే తీరు.

మన కాలంలో బ్రెజిల్ నుంచి వచ్చిన ఆధారాలు ఇంకా గట్టివి. ఆ దేశపు ఈశాన్య రాష్ట్రం సియెరాలో 2006లో ప్రచురితమైన ఒక పరిశోధన రోగులనూ, రోగం లేనివాళ్లనూ పోల్చి చూసింది. చదువు తక్కువ కావడం, జీవితంలో ఎప్పుడైనా తిండి కరవును చూసి ఉండటం, బహిరంగ నీటి వనరుల్లో స్నానం, పక్క బట్టలు చాలా అరుదుగా మార్చడం వంటివి జబ్బుతో ముడిపడి కనిపించాయి. 2011లో బంగ్లాదేశ్ పల్లెల్లో జరిగిన పరిశీలనలో ఇంటి ఆర్థిక స్థితికి సంబంధించిన అంశాల్లో ఒక్కటే గట్టిగా నిలబడింది: ఈమధ్య కాలంలో ఇంట్లో తిండికి కొరత రావడం. దాదాపు 2.4 కోట్ల బ్రెజిల్ ప్రజల వివరాలతో 2019లో వచ్చిన మరో పెద్ద విశ్లేషణ ఆదాయం, చదువు, ఇంటి స్థితి దిగజారే కొద్దీ ముప్పు పెరగడాన్ని చూపింది. పేద కుటుంబాలకు నెలనెలా నగదు ఇచ్చే బోల్సా ఫమీలియా పథకం బాగా అందిన పట్టణాల్లో కొత్త కేసులు తక్కువగా ఉన్నాయని 2014 నాటి పరిశీలన తెలిపింది. ఆ డబ్బు కుష్ఠు కోసం ఇచ్చింది కాదు. ఇంట్లో పొయ్యి వెలిగేందుకు ఇచ్చింది.

ఆకలికీ ఈ జబ్బుకూ ఉన్న లంకె అర్థం కాని విషయమేమీ కాదు. కుష్ఠు ఎంత తీవ్రంగా వస్తుందన్నది ప్రధానంగా శరీర రోగనిరోధక కణాలు దాన్ని ఎలా ఎదుర్కొంటాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అవి గట్టిగా ఉంటే ఒకటి రెండు మచ్చలతో ఆగుతుంది, కొన్నిసార్లు దానంతట అదే తగ్గిపోతుంది. అవి నీరసిస్తే ఒళ్లంతా పాకుతుంది, అలాంటి రోగి నుంచే ఇతరులకు ఎక్కువగా సోకుతుంది. ఎండాకాలం చివర, పంట చేతికి రాకముందు గింజలు నిండుకునే నెలలు ఏజెన్సీ గూడేలకు కొత్త కాదు.

ఇరుకు గదులు, తాళం వేసిన తలుపులు

ఉత్తరాంధ్రకు కుష్ఠుతో సుదీర్ఘమైన చరిత్ర ఉంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ అనే మూడు మందులను కలిపి వాడే ఎం.డి.టి. చికిత్సను సిఫారసు చేసింది. దేశంలో దాన్ని తొలిదశలోనే మొదలుపెట్టిన జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. జబ్బు అక్కడ అంత ఎక్కువగా ఉండేది. ఒడిశా దారిలో ఉన్న సాలూరులోని కుష్ఠు ఆస్పత్రి దశాబ్దాలుగా కొండ ప్రాంతాల రోగులకు ఆసరా. అప్పట్లో దేశం మొత్తం మీద ప్రతి 10,000 మందిలో 57 మందికి పైగా రోగులు రిజిస్టర్లలో ఉండేవారు. ఎం.డి.టి. ఆ దృశ్యాన్ని మార్చిందనడంలో సందేహం లేదు. మచ్చలు తక్కువుంటే 6 నెలలు, ఎక్కువుంటే 12 నెలలు మందు వాడితే జబ్బు నయమవుతుంది. మందు 1995 నుంచి ప్రపంచమంతటా ఉచితం.

మందు ఉచితమైనా దాని దగ్గరికి వెళ్లడం ఉచితం కాదు. అసమానత జబ్బు పటాన్ని గీసే చోటు ఇదే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచీ, ఒడిశా సరిహద్దు నుంచీ తరాలుగా జనం పనికోసం విశాఖ వస్తున్నారు. పోర్టు కోసం, తర్వాత స్టీల్‌ప్లాంటు కోసం, ఇప్పుడు మధురవాడ వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్ల కోసం, అచ్యుతాపురం ఫ్యాక్టరీల కోసం. కుష్ఠు సూక్ష్మజీవి ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. పదేళ్ల వయసులో ఊళ్లో పట్టిన జబ్బు, పాతికేళ్ల వయసులో గాజువాకలో అద్దె గదిలో మచ్చగా కనబడొచ్చు. కేసు నగరం లెక్కలోకి వస్తుంది. కారణం ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల, ఎవరూ పరీక్షించని మరో ఇంట్లో ఉండిపోతుంది. కాబట్టి కేసులు నమోదైన చోటును చూసి జబ్బు పుట్టిన చోటు అనుకోవడం తప్పు. పటం మీద ఒక్కో చుక్క వెనక ఒక ప్రయాణం ఉంటుంది.

నగరం ఆ ప్రయాణానికి ఎలాంటి చోటు ఇస్తోంది? 2011 జనాభా లెక్కల్లో పది లక్షలు దాటిన నగరాలన్నిటిలో మురికివాడల కుటుంబాల శాతం అత్యధికంగా ఉన్నది గ్రేటర్ విశాఖలోనే, 44 శాతం. బీచ్‌రోడ్డు ఫొటోల్లో కనిపించే నగరం వేరు, ఈ అంకె చెప్పే నగరం వేరు. కొండవాలుల మీద ఒకదాని నెత్తిన ఒకటిగా లేచిన ఇళ్లు, పాతనగరంలో సందుల మధ్య సందులు, కంచరపాలెం, అల్లిపురం ప్రాంతాల్లో వరుస గదులు, జాలరి పేటల్లో గోడకు గోడ ఆనుకున్న కొంపలు. వీటిలో కొన్నిటికి నగరంలోని ఖరీదైన వీధులు కూతవేటు దూరం. దూరం తక్కువ, అంతరం ఎక్కువ. వార్డు సగటు తీసినప్పుడు ఆ రెండూ కలిసిపోతాయి.

2016 నుంచి దేశంలో ఇంటింటికీ వెళ్లి కుష్ఠు కేసులను వెతికే కార్యక్రమాలు జరుగుతున్నాయి. ఆశా కార్యకర్త ఒకరు, పురుష వాలంటీరు ఒకరు జంటగా వెళ్తారు. ఆడవాళ్లను ఆమె, మగవాళ్లను అతను చూడాలి. పద్ధతి మంచిది. అది ఎవరి తలుపు దగ్గర ఆగిపోతుందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఉదయం పది గంటలకు వరుస గదుల ముందు నిలబడితే సగం తలుపులకు తాళాలుంటాయి. తాపీ మేస్త్రి కింద పనిచేసేవాళ్లు ఆరున్నరకే అడ్డా మీదికి వెళ్లిపోయారు. ఇళ్లల్లో పాచిపని చేసే ఆడవాళ్లు మూడో ఇంట్లో గిన్నెలు తోముతున్నారు. ఇంట్లో దొరికేది ముసలివాళ్లు, చంటిపిల్లలు. మళ్లీ వస్తామని రాసుకుంటారు. రెండోసారి వచ్చినా అదే వేళకు వస్తారు, అదే తాళం ఉంటుంది. సాయంత్రం ఏడు తర్వాత వెళ్తే మనుషులు ఉంటారు గానీ వెలుతురు ఉండదు. లేత మచ్చను ట్యూబ్‌లైటు కింద పోల్చుకోవడం అనుభవం ఉన్న డాక్టరుకే కష్టం, పగటి వెలుగే కావాలి.

అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర ఇంకో రకం అడ్డు. ఇక్కడ అలాంటి జబ్బులవాళ్లు ఎవరూ లేరు, వెళ్లండి అని వాచ్‌మన్ చేతే చెప్పిస్తారు. ఆ వాచ్‌మన్ కుటుంబం సెల్లార్‌లో లిఫ్టు పక్కన ఒక్క గదిలో ఉంటుంది. భార్య ఆ ఫ్లాట్లలోనే పనిచేస్తుంది, ఇద్దరు పిల్లలు అక్కడే పెరుగుతారు. చాలామంది ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చినవాళ్లే. బిల్డింగు చిరునామా ధనికులది కాబట్టి ఏ మురికివాడ జాబితాలోనూ ఈ కుటుంబం ఉండదు. సొంతూళ్లో ఇంటికి తాళం ఉంటుంది కాబట్టి అక్కడి సర్వేలోనూ ఉండదు. ఉంటున్న చోట పేరు లేదు, పేరున్న చోట మనిషి లేడు. కుష్ఠును వెతకడానికి ఇంతకంటే కష్టమైన చోటు నగరంలో మరొకటి ఉండకపోవచ్చు. ప్రచారంలో దీని గురించి మాట మాత్రం కూడా వినిపించదు.

మొదటి మచ్చ స్వభావం కూడా పేదవాడికి ఎదురుగానే పనిచేస్తుంది. అది రంగు తగ్గిన చిన్న మచ్చ. దురద ఉండదు, నొప్పి ఉండదు, దాని మీద చీమ పాకినా తెలియదు. నొప్పిలేని దానికోసం రోజు కూలి వదులుకుని ఆస్పత్రి వరుసలో ఎవరు నిలబడతారు? శోభి మచ్చ అనో, తామర అనో అనుకుంటారు. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాసుకుంటారు. కొందరు పసరు పూయిస్తారు. నెలలు గడుస్తాయి. చిటికెన వేలు వంకర తిరిగినప్పుడో, కాలికి దిగిన మేకు చెప్పులో రక్తం కనబడేదాకా తెలియనప్పుడో డాక్టరు దగ్గరికి వస్తారు. అప్పటికి నరం దెబ్బతిని ఉంటుంది. మందు సూక్ష్మజీవిని చంపుతుంది, చచ్చిన నరాన్ని బతికించలేదు. అదే మచ్చ చర్మవైద్యుడికి ఫీజు ఇచ్చుకోగలిగిన ఇంట్లో పుడితే, అందం పాడవుతుందన్న దిగులుతోనే అయినా, రెండు వారాల్లో పరీక్ష అయిపోతుంది.

అందుకే కొత్త రోగుల్లో కంటికి కనిపించే వైకల్యం, అంటే గ్రేడ్-2 వైకల్యం, ఉన్నవాళ్లు ఎంతమంది అన్న లెక్క మొత్తం కేసుల లెక్క కంటే ఎక్కువ నిజం చెబుతుంది. అది వైద్యం ఎంత ఆలస్యంగా అందిందో చెప్పే అంకె. పిల్లల్లో కేసుల లెక్క ఇంకోటి చెబుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు మచ్చ కనబడిందంటే, ఆ చుట్టుపక్కల చికిత్స అందని పెద్దమనిషి ఒకరు ఇప్పటికీ ఉన్నారన్నమాట. రిజిస్టర్లో ఉన్న రోగుల సంఖ్య ఒక్కటే పట్టుకుని నిర్మూలన గురించి మాట్లాడటం ఎంత ప్రమాదమో ఈ రెండు అంకెలూ దాని పక్కపక్కనే పెట్టి చూస్తేనే అర్థమవుతుంది. ఆ సంఖ్య చికిత్స కాలాన్ని బట్టి కూడా మారుతుంది. మచ్చలు ఎక్కువున్న రోగుల చికిత్సను 1990ల చివర్లో 24 నెలల నుంచి 12 నెలలకు తగ్గించినప్పుడు, కొత్తగా ఒక్కరికి జబ్బు తగ్గకపోయినా రిజిస్టరులో ఆ రోగులు సగమయ్యారు.

వెతకని చోట జబ్బు ఉండదు

2004లో దేశంలో 2.6 లక్షల కొత్త కేసులు బయటపడ్డాయి. 2007 నాటికి ఆ సంఖ్య 1.4 లక్షల లోపుకు పడింది. లక్షణాలు బయటపడటానికే అయిదేళ్లు పట్టే జబ్బు మూడేళ్లలో సగానికి తగ్గడం ప్రకృతిలో జరిగే పని కాదు. ఆ కాలంలోనే ఇంటింటి సర్వేలు ఆగాయి, కుష్ఠు కోసమే ఉన్న ప్రత్యేక సిబ్బంది సాధారణ ఆరోగ్య వ్యవస్థలో కలిసిపోయారు, రోగి తానే వచ్చి చూపించుకోవాలన్న పద్ధతి వచ్చింది. కొవిడ్ ఏడాదిలో ఇదే ఇంకా నాటకీయంగా జరిగింది. 2019లో 1.14 లక్షలున్న కొత్త కేసులు 2020లో 65 వేలకు పడ్డాయి. జబ్బు లాక్‌డౌన్ పాటించలేదు, వెతికే మనుషులు ఇళ్లలో ఉండిపోయారు. 2023లో మళ్లీ లక్ష దాటాయి. ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది వచ్చిన సుమారు 1.83 లక్షల కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశానివే.

రోగి తానే రావాలన్న పద్ధతి కాగితం మీద అందరికీ సమానం. కొండ మీద అది ఎలా నడుస్తుందో చూడాలి. ఏజెన్సీలో పురిటి నొప్పులు పడుతున్న మహిళను డోలీ కట్టి కిలోమీటర్ల దూరం మోసుకొచ్చిన వార్తలు ఇప్పటికీ ప్రతి వానాకాలంలోనూ వస్తూనే ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చిన కేసుకే దారి అలా ఉంటే, నొప్పిలేని మచ్చ కోసం కొండ దిగేదెవరు? దిగినా అది సంత రోజున దిగుతారు. అల్లం, పసుపు, చింతపండు అమ్ముకుని ఉప్పు, నూనె కొనుక్కుని వెలుగు ఉండగానే తిరిగి ఎక్కాలి. ఆరోగ్య కేంద్రంలో డాక్టరు సంత రోజున, సంత దగ్గరే కూర్చుంటే ఆ మచ్చ దొరికే అవకాశం ఉంది. వేరే రోజున ఎంత మంచి డాక్టరున్నా లాభం తక్కువ. భాష మరో అడ్డు. కువి, పోర్జా, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో తెలుగు కరపత్రం చదివి వినిపించేవాళ్లు కూడా ఉండరు. ఆ మచ్చ మీద స్పర్శ తెలుస్తోందా అని అడిగి, సరైన జవాబు రాబట్టడం వాళ్ల భాష వచ్చిన మనిషికే సాధ్యం.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. చూడమంటే ముఖం, చేతులు చూపిస్తారు. వీపు మీదో, తొడ మీదో ఉన్న మచ్చ ఒక్క గది ఇంట్లో, అత్తా మరుదులూ ఉన్నచోట ఎలా చూపించగలరు? చికిత్సలో వాడే క్లోఫజిమిన్ మాత్ర ఒంటి రంగును నల్లబరుస్తుంది. మందు ఆపాక నెలల మీద అది తగ్గుతుంది. కానీ ఆ నెలల్లో ఇరుగుపొరుగు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సింది ఆమే. పెళ్లి కావలసిన పిల్ల అయితే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, మాత్రలు ఆగిపోతాయి. 2019 దాకా భార్యకో భర్తకో కుష్ఠు ఉండటం విడాకులకు చట్టబద్ధమైన కారణం. నయమయ్యే జబ్బని ప్రభుత్వమే ప్రచారం చేస్తూ, విడాకుల చట్టంలో ఆ మాటను దశాబ్దాలపాటు ఉంచుకుంది.

చట్టం పేదవాళ్లను ప్రత్యేకంగా పట్టుకున్న ఉదాహరణ ఇంకా పాతది. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన కుష్ఠు చట్టం దిక్కులేని పేద రోగులను నిర్బంధించడానికి ఉద్దేశించింది. బతుకుతెరువు లేనివాళ్లను, అడుక్కునేవాళ్లను పట్టుకుని ఆశ్రమాల్లో పెట్టొచ్చు. అదే జబ్బు ఉన్న ఆస్తిపరుడు ఇంట్లో ఉండొచ్చు. అంటే ఎవరు ఎక్కడ ఉండాలన్నది సూక్ష్మజీవిని బట్టి కాక జేబును బట్టి తేల్చారు. ఆ చట్టం 2016లో గానీ రద్దు కాలేదు. ఊరి చివర, రైలు పట్టాల పక్కన, పుణ్యక్షేత్రాల అంచున దేశమంతటా వందల సంఖ్యలో కుష్ఠు కాలనీలు ఏర్పడ్డాయి. అవి జబ్బు పుట్టిన చోట్లు కావు. వెళ్లగొట్టినవాళ్లు ఆగిన చోట్లు. ఇవాళ అక్కడ ఉంటున్న వాళ్లలో చాలామందికి జబ్బు ఎప్పుడో నయమైంది, వాళ్ల పిల్లలకూ మనవలకూ అసలు రానే లేదు. అయినా ఉద్యోగం కోసం రాసే చిరునామా వాళ్లకు అడ్డం పడుతూనే ఉంది.

ప్రభుత్వ సాయం కూడా జబ్బు చివర్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో బహుళ వైకల్యాలున్న కుష్ఠు బాధితులకు 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయల పింఛను వస్తోంది. అది అవసరం, ఆ మనుషులకు అది హక్కు. వేళ్లు పోగొట్టుకున్నాక వచ్చే ఈ డబ్బులో కొంతయినా, వేళ్లు బాగున్నప్పుడే వచ్చి ఉంటే అన్న ప్రశ్న మాత్రం వదలదు. మొదటి మచ్చ దశలో ఉన్న కూలీకి పరీక్ష రోజు, మందు తీసుకునే రోజు, చికిత్స మధ్యలో నరాల వాపు వస్తే మంచం మీద గడిపే రోజులు, అన్నీ కూలి పోయిన రోజులే. ఆ వాపును స్టెరాయిడ్ మాత్రలతో వెంటనే అదుపు చేస్తే చేయి దక్కుతుంది, ఆలస్యమైతే దక్కకపోవచ్చు. క్షయ రోగులకు పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు నేరుగా ఖాతాలో వేసే ఏర్పాటు దేశంలో ఉంది. ఆకలితో ముడిపడిన జబ్బని ఇన్ని పరిశోధనలు చెబుతున్న కుష్ఠుకు కూడా అలాంటిది చికిత్స మొదటి రోజు నుంచే ఉండాలి. రోగుల సంఖ్య క్షయ కంటే ఎన్నో రెట్లు తక్కువ కాబట్టి ఖర్చు పెద్దది కాదు.

జబ్బు రాకుండా ఆపే ఒక మార్గం ఇప్పుడు చేతిలో ఉంది. రోగికి దగ్గరగా మెలిగిన ఇంటివాళ్లకూ, పొరుగువాళ్లకూ ఒకే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తే మొదటి రెండేళ్లలో కొత్త కేసులు 57 శాతం తగ్గాయని బంగ్లాదేశ్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది, మన జాతీయ కార్యక్రమమూ చేపట్టింది. విశాఖ లాంటి నగరంలో దీన్ని అమలు చేసేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి. వరుస గదుల్లో ఎనిమిది ఇళ్లవాళ్లకు మాత్ర ఇవ్వాలంటే ఎందుకో చెప్పాలి, చెబితే తొమ్మిదో ఇంట్లో రోగి ఉన్నాడని తెలిసిపోతుంది, ఇంటి యజమాని నెలాఖరుకు గది ఖాళీ చేయమంటాడు. వీధి వీధంతటికీ చర్మపరీక్ష శిబిరం పెట్టి, తామర నుంచి గజ్జి దాకా అన్నిటికీ మందులిస్తూ అందులో భాగంగా ఈ మాత్ర ఇస్తే రోగి పేరు బయటపడదు. రెండో చిక్కు, దగ్గరివాళ్లు అంటే ఎవరన్నది. వలస కూలీకి దగ్గరివాళ్లు ఒకచోట లేరు. గాజువాకలో గది పంచుకునే నలుగురు, ఊళ్లో భార్యాపిల్లలు, కిందటేడు సైటులో పక్కన పడుకున్నవాళ్లు. నగర ఆరోగ్య కేంద్రంలో కేసు దొరికిన రోజే అతని సొంతూరి ఆరోగ్య కేంద్రానికి సమాచారం వెళ్లి, ఆ వారంలోనే అక్కడి ఏ.ఎన్.ఎం. ఆ ఇంటి తలుపు తట్టాలి. 2023 నుంచి రోగుల వివరాలు నికుష్ఠ్ 2.0 పోర్టల్‌లో నమోదవుతున్నాయి కాబట్టి జిల్లాల మధ్య ఈ సమాచారం పంపుకోవడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఆ పోర్టల్లో ఇప్పటి చిరునామాతో పాటు గత పదేళ్లలో ఉన్న ఊళ్లు కూడా రాయాలి. మండలాల వారీగా, వార్డుల వారీగా పిల్లల కేసులూ గ్రేడ్-2 వైకల్యం కేసులూ పేర్లు లేకుండా ఏటా జనం ముందు పెట్టాలి. ముంచింగిపుట్టులో ఏం జరుగుతోందో పాడేరు సగటు దాచకుండా, కొండవాలు గుడిసెల్లో ఏం జరుగుతోందో విశాఖ సగటు దాచకుండా చూడటానికి ఇది తప్ప దారి లేదు.